చలిబండి

శివరాత్రి వెళ్ళింది.
శివశివా అంటూ చలీ వెళ్ళింది.
ఇక కొండెక్కే పని లేదు ఈ బండికి.
మల్కాపురంలో రేకుల షెడ్డు కిందికి
వెనక్కి, ఇంకొంచెం వెనక్కి,
"ఆపరా" అన్నాడు దాలినాయుడు.
ఇంజను ఆగాక కూడా కాసేపు
బానెట్ కింద ఏదో టిక్కుటిక్కుమంటూనే ఉంది,
దూరం నడిచొచ్చిన మనిషి అరుగు మీద కూలబడి
మెటికలు విరుచుకున్నట్టు.

బండిలో హీటరుతో పాటు ఒక పుస్తకం వచ్చింది.
మంచు దేశం వాళ్ళు రాసింది.
దాలినాయుడి కూతురు హైమ చదివి చెప్పింది:
"మూలపెట్టే ముందు నీళ్ళన్నీ వదిలేయాలంట.
లేకపోతే పైపుల్లో గడ్డకట్టి
పైపులు పగిలిపోతాయంట."
నవ్వాం.
ఈ ఊళ్ళో గడ్డకట్టేది కొబ్బరినూనె ఒక్కటే,
అదీ పుష్యమాసంలో నాలుగు పొద్దులు.
మాకు భయం ఇంకోదానితో.
సముద్రం మీంచి వస్తుంది, చప్పుడు చెయ్యదు,
బోల్టు మెడలో వేలు పెట్టి
ఆరు నెలలు ఓపిగ్గా తొలుస్తుంది.
ఉప్పు.

అందుకని మంచినీళ్ళతో కడిగాం
పైన, కింద, చక్రాల చంకల్లో.
పోర్టు వైపు నుంచి ఎగిరొచ్చిన నల్లదుమ్ము
మూడు బకెట్ల దాకా వదల్లేదు.
బ్యాటరీకి ముందు నల్లతీగ విప్పాలి, తర్వాత ఎర్రది.
ఇరుసు కింద దుంగలు.
డీజిలు మూతిదాకా నింపాలి,
ఖాళీ ట్యాంకుకి లోపల చెమట పడుతుంది,
చెమట తుప్పవుతుంది.
సైలెన్సరు గొట్టంలో పాతగుడ్డ దూర్చాడు దాలినాయుడు,
పోయినేడు ఎలుక అందులోనే పురుడు పోసుకుంది.

పరుపు ఎత్తితే
ఎండిన స్ట్రాబెర్రీ తొడిమలు, ఎవరి పాపదో ఒక్క సాక్సు,
మూలకి నెట్టుకుపోయి గోధుమరంగు మంకీకేపు.
సన్నిబాబు గారిది.
ముప్పైరెండేళ్ళు స్టీలుప్లాంటులో
కొలిమి ముందు నిలబడ్డ మనిషి.
రిటైరైన డబ్బుల్లోంచి ఒక్క రాత్రికి అద్దె కట్టి
"నాకు చలెయ్యాలి బాబూ" అన్నారు. అంతే అడిగారు.
లంబసింగిలో తెల్లవారుజామున
ముందద్దం మీద సన్నని తెల్లపొర కట్టింది.
వేడినీళ్ళు పొయ్యబోతే నా చెయ్యి పట్టుకున్నారు.
గోరుతో ఒక గీత గీసి
ఆ గీతనే చాలాసేపు చూశారు.
పళ్ళు టకటకలాడుతున్నాయి, నవ్వుతున్నారు,
కేపు తీసేసి
బట్టతలని ఆకాశానికి ఒప్పజెప్పి.

ఫోన్ చేశాను.
"బండిలోనే ఉండనీ నాయనా.
ఇక్కడ నాకెందుకది?
వచ్చే మార్గశిరానికి ఎక్కుతాను."
ఆయన మాట వెనకాల
ఫ్యాను గరగర తిరుగుతోంది.

చివరగా నీళ్ళ ట్యాంకు.
తాజంగి దగ్గర బోరింగు కొట్టి పట్టిన నీళ్ళు.
వారం దాటింది, చల్లదనం ఘాట్ రోడ్డు మలుపుల్లోనే
దిగిపోయి ఉంటుంది, తెలుసు.
అయినా దాలినాయుడు చొక్కా విప్పి
మర కింద కూచున్నాడు.
నేను చెప్పులు విడిచి పాదాలు పెట్టాను.
హైమ దోసిలి పట్టి, మొహాన కొట్టుకుని
"నిజంగానే చల్లగా ఉన్నాయి నాన్నా" అంది.
మేం కాదనలేదు.
పుస్తకం చెప్పినట్టే ఆఖరి చుక్కదాకా వదిలాం.
పారిపోయినవి పారిపోగా
మిగిలింది మునగమొక్క తాగింది.

టార్పాలిను కప్పి ఎనిమిది చోట్ల కట్టాం,
మన తుపాన్లకి నెలా వారం ఉండవు.
కేపులో రెండు కలరా ఉండలు వేసి
పాలిథిన్ కవరు చుట్టి
డ్రైవరు సీటు కింద పెట్టాను.
ఎవరైనా అడిగితే
బండి సామానే అని చెప్తాను.

బయటికొచ్చేసరికి రేకులు సెగలు కక్కుతున్నాయి.
షెడ్డుకి తాళం వేసి, రెండడుగులు వేసి,
మళ్ళీ వెనక్కొచ్చాడు దాలినాయుడు.
తాళం నోట్లో రెండు చుక్కలు నూనె పోశాడు.
మార్గశిరంలో తెరుచుకోవాలిగా.